ముక్కు దించడం నేర్పండి

2000 జులై 17 ఉదయం. కోల్‌కతా నుంచి వచ్చిన అలయన్స్ ఎయిర్ బోయింగ్ 737 పట్నాలో దిగవలసి ఉంది. రన్‌వేకి దగ్గరపడేసరికి అది ఉండవలసిన ఎత్తుకన్నా పైన ఉంది. ఎత్తు దించుకోవాలని ఇంజిన్లను ఐడిల్లోనే, అంటే అతి తక్కువ శక్తిలోనే, ఉంచారు. వేగం తగ్గిపోయింది. ముక్కు పైకెత్తి ఉండగానే విమానాన్ని అటూ ఇటూ గబగబా వంచారు. రెక్కలు ఇక మోయలేవని హెచ్చరిస్తూ కంట్రోల్ కాలమ్ చేతిలో దడదడా వణికింది. దాన్నే స్టిక్ షేకర్ అంటాం. ఆ క్షణంలో చేయవలసిన మొదటి పని ముక్కు దించడం. వాళ్లు మాత్రం గో-అరౌండ్ మొదలుపెట్టారు. అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేచే ప్రయత్నం. విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు మోయడం మానేసి, విమానాశ్రయం పక్కనున్న ప్రభుత్వ క్వార్టర్ల మీద పడింది. విమానంలో 55 మంది, కింద ఇళ్లలో అయిదుగురు చనిపోయారు.

గో-అరౌండ్‌కీ స్టాల్ రికవరీకీ తేడా ఏమిటో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గో-అరౌండ్‌లో ఇంజిన్ల తోపు, అంటే థ్రస్ట్, పెంచుతాం, ముక్కు ఎత్తుతాం, రెక్కల వెనక అంచున దించే పలకలు, అంటే ఫ్లాప్స్, కొంత లోపలికి తీస్తాం, చక్రాలు మడుస్తాం. రెక్కలు మామూలుగా మోస్తున్నప్పుడు ఇది సరైన పని. రెక్క స్టాల్ అంచున ఉన్నప్పుడు ఇవే పనులు చంపుతాయి. ముక్కు ఎత్తితే రెక్క ఇంకా మునుగుతుంది. ఫ్లాప్స్ తీస్తే విమానాన్ని మోసే లిఫ్ట్ ఉన్నది కూడా పోతుంది. రెక్కల కింద ఇంజిన్లున్న విమానంలో థ్రస్ట్ ఒక్కసారిగా పెంచితే అది కూడా ముక్కును పైకే నెడుతుంది. రెండు పద్ధతులూ పుస్తకంలో పక్కపక్క పేజీల్లోనే ఉంటాయి. ఏది ఎప్పుడో చెప్పేది ఏరోడైనమిక్స్ ఒక్కటే.

ఆ రోజుల్లో నేనూ 737 నడిపేవాణ్ణి. బేగంపేటలో రెండు సీట్ల పుష్పక్ మీద ఎగరడం నేర్చుకుని, తర్వాత 737, ఆ తర్వాత ఏ320 నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో సాయంత్రాలు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) పిల్లలకు ఏరోడైనమిక్స్ చెబుతున్నాను. పట్నా ప్రమాదం దర్యాప్తు నివేదిక చదివిన నాటి నుంచి నా పట్టుదల ఒక్కటే. ఈ సబ్జెక్టును పరీక్ష గట్టెక్కే పేపరుగా చూడడం మానాలి. పైలట్ చేతికి ఆలోచన రావలసింది ఇక్కడి నుంచే.

పిల్లలు తెలివైనవాళ్లు. కరీంనగర్ నుంచి, ఒంగోలు నుంచి, అనంతపురం నుంచి వస్తారు. తండ్రి పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో తెచ్చిన డబ్బు చేతిలో పెట్టుకుని వస్తారు. ఇక్కడికి వచ్చేసరికే ఫోన్‌లో క్వశ్చన్ బ్యాంకు ఉంటుంది. వేల ప్రశ్నలు, వాటికి జవాబులు. మొన్నీమధ్య ఒక అబ్బాయిని అడిగాను.

"నాన్నా, 300 నాట్స్ వేగంతో పోతున్న విమానం స్టాల్ అవుతుందా?"

"అవదు సార్. స్టాల్ స్పీడు అంతకంటే చాలా తక్కువ కదా."

"ముక్కు ఒక్కసారిగా బలంగా లాగితే?"

కాసేపు ఆలోచించాడు. "అలాంటి ప్రశ్న బ్యాంకులో లేదు సార్" అన్నాడు. మొండితనంతో అన్న మాట కాదది, నిజాయితీగా చెప్పాడు. అతనికి మేం నేర్పిన చదువు అది.

విమానం ఎందుకు ఎగురుతుంది అని అడిగితే నూటికి తొంభై మంది చెప్పే జవాబు ఒకటుంది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింద గాలితో పాటే వెనక అంచు చేరుకోవాలి కాబట్టి అది వేగంగా పోతుంది, అందుకని పైన ఒత్తిడి తగ్గుతుంది అని. పైన గాలి వేగంగా పోవడం, ఒత్తిడి తగ్గడం నిజమే. రెండు పాయలూ ఒకేసారి కలుసుకోవాలన్న నియమం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు. విండ్ టన్నెల్‌లో పొగ వదిలి చూస్తే పైన గాలే ముందు చేరుతుంది. సూర్యకిరణ్ బృందం విమానాలు తలకిందులుగా ఎగరడం చూసినవాళ్లకు ఈ కథ చెల్లదని వెంటనే తెలియాలి.

నేను సంక్రాంతి గాలిపటంతో మొదలుపెడతాను. పలచని కాగితం, వంపు తిరిగిన పైభాగం లేదు, అయినా పైకి పోతుంది. దారం కట్టిన తీరువల్ల గాలికి ఏటవాలుగా నిలబడి, గాలిని కిందికి మళ్లిస్తుంది. గాలి దాన్ని పైకి నెడుతుంది. ఆ ఏటవాలు మరీ ఎక్కువైతే తిరగలి తిరిగి కింద పడుతుంది. రెక్కకూ ఎదురొచ్చే గాలికీ మధ్యనున్న ఈ కోణమే యాంగిల్ ఆఫ్ అటాక్. కోణం పెంచేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. మామూలు రెక్కకు సుమారు 15 డిగ్రీల దగ్గర గాలి పైఉపరితలాన్ని అంటిపెట్టుకుని పారడం మానేసి విడిపోతుంది. లిఫ్ట్ కూలిపోతుంది, డ్రాగ్ విపరీతంగా పెరుగుతుంది. స్టాల్ అంటే ఇదే. హద్దు కోణానిది. వేగం ఆ కోణాన్ని పరోక్షంగా మాత్రమే చెబుతుంది, అదీ బరువు, వంపు, ఫ్లాప్స్ తెలిస్తేనే.

కాగితం మీద ఒక్క లెక్క చేయిస్తే విషయం బుర్రకెక్కుతుంది. వంగకుండా నేరుగా పోతూ 100 నాట్స్ దగ్గర స్టాల్ అయ్యే విమానాన్ని 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పండి. రెక్కలు మోయవలసిన భారం రెట్టింపవుతుంది. స్టాల్ వేగం 141 నాట్స్‌కి చేరుతుంది. దిగబోతూ రన్‌వే దాటిపోతున్నామన్న కంగారులో గట్టిగా వంచి లాగిన పైలట్, తనకు తెలియకుండానే ఆ 41 నాట్స్ వదులుకున్నట్టే. పట్నాలో ముక్కు ఎత్తి అటూ ఇటూ వంచడం అంత ప్రాణాంతకం ఎందుకైందో ఈ లెక్క తెలిసిన పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది సెస్నాకీ వర్తిస్తుంది. అసలు చిక్కు జెట్ దగ్గర మొదలవుతుంది. మన శిక్షణ విమానం సెస్నా 172లో రెక్క ఒక్కో చదరపు మీటరు మోసే బరువు 70 కిలోలకు కాస్త తక్కువ. ఏ320 గరిష్ఠ బరువు సుమారు 78 టన్నులు, రెక్కల వైశాల్యం 122 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 640 కిలోలు. అందుకే దానికి అంత వేగం కావాలి, అందుకే అది మాట వినడానికి అంత సమయం తీసుకుంటుంది. పైగా జెట్ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. ధ్వని వేగానికి దగ్గరగా పోయినా షాక్ తరంగాలు ఆలస్యంగా పుట్టాలని చేసిన ఏర్పాటది. 1935లో రోమ్‌లో జరిగిన సదస్సులో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుసెమాన్ ఈ ఆలోచన బయటపెట్టాడు. 1947లో ఎగిరిన బోయింగ్ బీ-47 బాంబర్‌తో అది పెద్ద జెట్లకు ఒరవడి అయింది. దానికి మూల్యమూ ఉంది. వాలు రెక్కలో గాలి కొసలవైపు జారుతుంది, జాగ్రత్త తీసుకోకపోతే కొసలే ముందు స్టాల్ అవుతాయి. కొసలు వెనక ఉంటాయి కనుక, అక్కడ లిఫ్ట్ పోతే మిగిలిన లిఫ్ట్ ముందుకు జరిగి ముక్కు తనంతట తానే ఇంకా పైకి లేస్తుంది. స్టాల్ అవుతున్న విమానం ఇంకా లోతైన స్టాల్‌లోకి తనే పోవాలని చూస్తుంది. డిజైనర్లు దీన్ని ఎన్నో విధాల అదుపులో పెట్టారు. ఆ ధోరణి మాత్రం రెక్క ఆకారంలోనే ఉంది.

ఇంకో తేడా నేను మరీ నొక్కి చెబుతాను. ప్రొపెల్లర్ విమానంలో పవర్ పెంచగానే పంకా గాలి రెక్క మీదుగా పారి, వేగం పెరగకముందే కొంత లిఫ్ట్ ఇస్తుంది. జెట్‌లో ఆ సాయం లేదు. ఇంజిన్ కూడా వెంటనే అందుకోదు. ఐడిల్ నుంచి గో-అరౌండ్ థ్రస్ట్ లెక్కకు సర్టిఫికేషన్ నిబంధనలు ఇచ్చే గడువు ఎనిమిది సెకన్లు. 140 నాట్స్‌తో దిగుతున్న విమానం ఎనిమిది సెకన్లలో అర కిలోమీటరు దాటి పోతుంది, దాదాపు వంద అడుగులు కిందికి వస్తుంది. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 కూలిన తీరు ఇదే. విమానం కొత్తది, సమయం పట్టపగలు. ఇంజిన్లను ఐడిల్లో ఉంచే ఓపెన్ డిసెంట్ మోడ్‌లో దిగుతూ వచ్చింది. వేగం ఉండవలసిన దానికన్నా ఇరవై నాట్స్‌కు పైగా పడిపోయింది. చూసుకుని థ్రస్ట్ పెంచేసరికి ఇంజిన్లకు అందుకునే వ్యవధి మిగల్లేదు. రన్‌వేకి ముందున్న గోల్ఫ్ మైదానంలో పడింది. 146 మందిలో 92 మంది పోయారు. ఆ ప్రమాదాన్ని కంప్యూటర్ విమానం మీద, మోడ్‌ల తికమక మీద చర్చగానే మన పత్రికలు గుర్తుపెట్టుకున్నాయి. మోడ్ ఏదైనా, ఐడిల్లో ఉన్న జెట్‌తో వేగం పోగొట్టుకుంటే ఎన్ని సెకన్ల అప్పు పడతామో ప్రతి ట్రైనీకి ఒంట్లో ఇంకాలి.

పైకి వెళ్దాం. 35,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. చలికి ధ్వని వేగం కూడా సెకనుకు 340 మీటర్ల నుంచి 295 చుట్టుపక్కలకు దిగుతుంది. విమానం నిజంగా 450 నాట్స్‌తో పోతుంటే మీటర్ మీద 270 లోపే కనిపిస్తుంది. కింద స్టాల్ హద్దు, పైన మాక్ హద్దు, అంటే ధ్వని వేగానికి మరీ దగ్గరపడే హద్దు. ఎత్తు పెరిగేకొద్దీ ఈ రెండింటి మధ్య సందు ఇరుకవుతుంది. ధ్వని వేగానికి దగ్గరగా ఉన్నప్పుడు స్టాల్ కోణం కూడా కింద ఉన్నంత ఉండదు, బాగా తగ్గుతుంది. కాబట్టి నేల దగ్గర ఏ హానీ చేయని చిన్న లాగుడు అక్కడ విమానాన్ని పడగొట్టగలదు.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 ఏ330 అట్లాంటిక్ మీద ఉంది. మంచు స్ఫటికాలు చేరి వేగం కొలిచే పిటో గొట్టాలు మూసుకుపోయాయి. వేగం అంకెలు తప్పాయి. ఆటోపైలట్ వదిలేసింది. ఆ గొట్టాలు మళ్లీ పనిచేయడానికి పట్టింది సుమారు ఒక నిమిషమే. ఆ నిమిషం ముక్కు కోణాన్నీ థ్రస్ట్‌నీ ఉన్నచోటే ఉంచి ఉంటే విమానం పోతూనే ఉండేది. నడుపుతున్న పైలట్ సైడ్‌స్టిక్ వెనక్కి లాగాడు. విమానం 38,000 అడుగుల దాకా ఎక్కి, వేగం పోగొట్టుకుని స్టాల్ అయింది. స్టాల్ హెచ్చరిక 54 సెకన్లు ఆగకుండా మోగింది. స్టిక్ చాలావరకు వెనక్కే ఉంది. ముక్కు పైకి ఉండగానే విమానం నిమిషానికి పదివేల అడుగుల చొప్పున పడుతోంది. రెక్క గాలిని ఎదుర్కొంటున్న కోణం 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. ఆటోపైలట్ వదిలేసిన 4 నిమిషాల 23 సెకన్లకు సముద్రంలో పడింది. 228 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అందులో ఒక వివరం చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. కొలిచిన వేగం 60 నాట్స్ కిందికి పడితే, కోణం కొలతను కంప్యూటర్ నమ్మడం మానేస్తుంది. హెచ్చరిక ఆగిపోతుంది. కాబట్టి వేగం అలా పడిపోయాక స్టిక్ లాగి ఉంచినప్పుడు హెచ్చరిక లేదు, సరైన పని చేసి ముక్కు కొంచెం దించగానే మోగింది. రెక్క ఏం చేస్తోందో మనసులో బొమ్మ లేని పైలట్‌కి ఆ చప్పుడు ఏం చెబుతుంది? నువ్వు చేసింది తప్పు అని. ఆ బొమ్మ ఉన్నవాడు మాత్రమే చప్పుడుకు ఎదురు నిలిచి ముక్కు ఇంకా దించగలడు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ పాఠం మధ్యలో లేచి, "సార్, స్పీడు అబద్ధం, హెచ్చరిక అబద్ధం అయినప్పుడు ఏది నమ్మాలి?" అని అడిగింది. హొరైజన్‌లో ముక్కు ఎక్కడుందో చూడమన్నాను. ఆల్టిమీటర్ ఎంత వేగంగా తిరుగుతోందో చూడమన్నాను. ముక్కు పైకి, విమానం కిందికి అంటే రెక్క స్టాల్‌లో ఉన్నట్టే. ఆ పిల్ల క్వశ్చన్ బ్యాంకులో ఎన్ని మార్కులు తెచ్చుకుంటుందో నేను పట్టించుకోను. ఆమె నడిపే విమానంలో నా మనవల్ని ఎక్కిస్తాను.

ఏ320 స్టాల్ కాదు అని పిల్లలు ధీమాగా చెబుతారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు, అంటే నార్మల్ లాలో, కంప్యూటర్ నిజంగానే ఆ కోణం దాటనివ్వదు. సెన్సర్లు, కంప్యూటర్లు దెబ్బతిని ఆల్టర్నేట్ లాకి దిగితే ఆ కాపలా పోతుంది. 2014 డిసెంబర్ 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎయిర్ ఏసియా 8501 ఏ320యే. రడ్డర్ (నిలువు తోక వెనకనున్న పలక) వ్యవస్థలో పదే పదే వచ్చిన ఒక చిన్న లోపాన్ని సరిచేయబోయి సర్క్యూట్ బ్రేకర్ లాగడంతో ఆటోపైలట్ పోయింది. ఆ తర్వాత స్టిక్ వెనక్కి లాగి ఉంచడంతో విమానం స్టాల్ అయి జావా సముద్రంలో పడింది. 162 మంది. మన ఆకాశంలో ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నది ఈ కుటుంబం విమానాలే కనుక, కాపలా ఎప్పుడు పోతుందో, పోయాక చేతులు ఏం చేయాలో మన పిల్లలకు మిగతావాళ్లకన్నా ఎక్కువ తెలియాలి.

పడిపోతుంటే లాగాలనిపించడం మనిషి సహజం. దానికి తోడు శిక్షణే చాలాకాలం అటు నెట్టింది. ఒకప్పుడు సిమ్యులేటర్‌లో స్టాల్‌కి దగ్గరగా తీసుకెళ్లి, థ్రస్ట్ పెంచి, ఎత్తు అసలు పోకుండా బయటికి రమ్మనేవారు. ఎత్తు పోగొట్టుకుంటే మార్కులు పోయేవి. 2009 ఫిబ్రవరిలో అమెరికాలో బఫెలో దగ్గర కొల్గన్ ఎయిర్ 3407 కూలింది. టర్బోప్రాప్ అయినా పాఠం ఒకటే, స్టిక్ షేకర్ మోగితే కెప్టెన్ వెనక్కి లాగాడు. 50 మంది చనిపోయారు. ఆ తర్వాతే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి పని కోణం తగ్గించడమే అని, ఎత్తు సంగతి తర్వాత అని స్పష్టం చేసింది. 2013 నిబంధనతో పూర్తి స్టాల్ శిక్షణ తప్పనిసరి చేసి, ఎయిర్‌లైన్లకు 2019 మార్చి దాకా గడువిచ్చింది. గడువు అంత ఎందుకంటే, అప్పటి సిమ్యులేటర్లు చాలావాటికి స్టాల్ దాటాక విమానం ఎలా ప్రవర్తిస్తుందో తెలియదు. ఆ డేటా సమకూర్చి ఎక్కించవలసి వచ్చింది.

రడ్డర్ విషయం వేరే కథ, క్లుప్తంగా చెబుతాను. సెస్నాలో కాళ్లు ఊరికే ఉండవు. జెట్‌లో రడ్డర్ పని ఇంజిన్ ఆగినప్పుడు, పక్క గాలిలో దిగేటప్పుడు. మిగతా సమయం దాని జోలికి పోకూడదు. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587, ముందు పోయిన 747 సుడిగాలి తగిలినప్పుడు, ఫస్ట్ ఆఫీసర్ రడ్డర్‌ను ఇటూ అటూ పూర్తిగా తొక్కాడు. ఆ ఏ300లో ఆ వేగం దగ్గర పెడల్ ఒకటిన్నర అంగుళం కూడా కదలనక్కర్లేదు, రడ్డర్ హద్దుకు చేరిపోయేది. నిలువు తోక విరిగి ఊడిపోయింది. 265 మంది. మాన్యూవరింగ్ స్పీడుకు లోపు ఉంటే కంట్రోళ్లను ఎలా తిప్పినా విమానం తట్టుకుంటుందని చాలామంది పైలట్లు నమ్మేవారు. ఆ వేగం ఇచ్చే హామీ ఒక్క దిక్కున, ఒక్కసారి తిప్పడానికి మాత్రమే. నేటికీ నా క్లాసులో ఈ ప్రశ్నకు సరైన జవాబు అరుదుగా వస్తుంది.

737 మ్యాక్స్ సంగతిలో మాత్రం తప్పు ముందుగా పైలట్లది కాదు. ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క కోణం సెన్సర్‌ను నమ్మి, అది తప్పు చెప్పినప్పుడు తోక మీది అడ్డరెక్కను తిప్పి ముక్కును పదే పదే కిందికి నెట్టింది. 2018 అక్టోబర్‌లో లయన్ ఎయిర్, 2019 మార్చిలో ఇథియోపియన్, రెండింటిలో కలిపి 346 మంది. అడ్డరెక్క మొత్తం, అంటే స్టెబిలైజర్, దాని వెనకనున్న చిన్న పలక ఎలివేటర్ కన్నా ఎంత బలమైనదో ఆ రెండు విమానాలూ చూపించాయి. కాలమ్ ఎంత లాగినా స్టెబిలైజర్ గెలుస్తుంది. ట్రిమ్ చక్రం తిప్పడమంటే చేతి బరువు తగ్గించుకునే సౌకర్యమని పిల్లలు రాస్తారు. నిజానికి ఆ చక్రం తిప్పేది ఈ స్టెబిలైజర్‌నే. ఎయిర్ ఫ్రాన్స్ 447లో కూడా స్టెబిలైజర్ 3 డిగ్రీల నుంచి 13 డిగ్రీలకు తనంతట తానే తిరిగి, ముక్కు ఎత్తే వైపే ఉండిపోయింది.

ఇంత చెప్పాక కోణం చూపే మీటరు ప్రతి కాక్‌పిట్‌లో ఎందుకు లేదని పాఠకులు అడగాలి. విమానవాహక నౌకల మీద దిగే అమెరికా నేవీ పైలట్లు కోణం చూసే దిగుతారు. ప్రయాణికుల జెట్లలోనూ ఆ సెన్సర్ ఉంది, కంప్యూటర్ వాడుకుంటుంది, పైలట్‌కి మాత్రం చాలా విమానాల్లో నేరుగా చూపించరు. ఎయిర్ ఫ్రాన్స్ ప్రమాదం తర్వాత ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ, ఆ మీటరు తప్పనిసరి చేయడం గురించి ఆలోచించమని యూరప్, అమెరికా నియంత్రణ సంస్థలకు సూచించింది. నన్నడిగితే మన ఎయిర్‌లైన్లు కొత్త విమానాలకు ఆర్డరిచ్చేటప్పుడే అది అడిగి పెట్టించుకోవాలి.

ఆర్డర్లు చిన్నవి కావు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 ఏ320 కుటుంబం విమానాలు. వీటికి వేల మంది పైలట్లు కావాలి. ఆ తొందర శిక్షణలోకి పాకుతుంది. సీపీఎల్‌కు 200 గంటలు ఎగరాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పేపర్లలో 70 శాతం తెచ్చుకోవాలి. వాటిలో ఏరోడైనమిక్స్ పేరుతో ప్రత్యేకంగా పేపరు లేదు. టెక్నికల్ జనరల్‌లో ఇంజిన్లు, పరికరాలతో పాటు అదొక భాగం. ఆ భాగంలో తడబడినా మిగతావాటితో గట్టెక్కవచ్చు. యూరప్‌లో ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్ విడిగా ఒక పేపరు. అందులో తప్పితే తప్పినట్టే. మన దగ్గరా దాన్ని విడదీయాలి.

ఈ చదువు పైలట్లకే కాదు, వాళ్ల గురించి మాట్లాడేవాళ్లకూ కావాలి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలిన తర్వాత కొన్ని వారాలపాటు టీవీల్లో ఫ్లాప్స్ మీద ఎంత నమ్మకంగా మాట్లాడారో గుర్తుంది కదా. ఫ్లాప్స్ వేయలేదని తేల్చేశారు. ప్రాథమిక నివేదిక వచ్చాక చూస్తే ఫ్లాప్ లీవర్ టేకాఫ్‌కు సరైన 5 దగ్గరే ఉంది. చనిపోయిన పైలట్ల కుటుంబాలు ఆ చర్చలన్నీ విన్నాయి. ఎవరి పేరునైనా ఎత్తే ముందు ఈ మాత్రం చదువు ఉండాలని మాట్లాడేవాళ్లను కూడా కోరుతున్నాను.

మళ్లీ శిక్షణ సంగతికి వస్తే, విమానాన్ని చేత్తో నడపడం తగ్గిపోతోందన్న మాట కొట్టిపారేయదగింది కాదు. 29,000 అడుగుల పైన విమానాల మధ్య నిలువు దూరం వెయ్యి అడుగులే కనుక, ఎత్తు పట్టి ఉంచే పని ఆటోపైలట్‌కే అప్పగించాలని నిబంధన. అది సబబే. కానీ దానివల్ల పలచని గాలిలో విమానం చేతికి ఎలా ఉంటుందో తెలియకుండానే ఒక పైలట్ కెప్టెన్ అయిపోవచ్చు. ఆ అనుభవం సిమ్యులేటర్‌లోనే దొరకాలి. ప్రతి సిమ్యులేటర్ విడతలోనూ 35,000 అడుగుల దగ్గర ఆటోపైలట్ తీసేసి, వేగం అంకెలు చెరిపేసి, ఆల్టర్నేట్ లాలో పడేసి కొంతసేపు నడిపించాలి. గంటకు అయ్యే ఖర్చు గురించి కంపెనీలు మాట్లాడతాయి. ఖర్చు నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

సీపీఎల్ దగ్గర నేను కోరేది అరగంట మౌఖిక పరీక్ష, ఆప్షన్లు లేకుండా. రెక్క గీయించండి. గాలి ఎటు నుంచి వస్తోందో బాణం వేయించండి. అక్కడ కోణం పెంచుతూ, గాలి ఎక్కడ విడిపోతుందో చూపించమనండి. ఐడిల్లో ఉన్న జెట్‌తో 300 అడుగుల దగ్గర వేగం పడిపోతుంటే మొదటి సెకన్లో చెయ్యి ఎటు పోతుందో, ఎందుకో అడగండి. తెలుగులో చెప్పినా, హిందీలో చెప్పినా వినండి, ఇంగ్లీషు ప్రావీణ్యానికి వేరే పరీక్ష ఎలాగూ ఉంది. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు కూడా హాస్టలు, గంటల ప్యాకేజీ అడిగినట్టే, ఏరోడైనమిక్స్ ఎవరు చెబుతారు, వారంలో ఎన్ని గంటలు చెబుతారు, బోర్డు మీద చెబుతారా, ప్రశ్నలు బట్టీ వేయిస్తారా అని అడగాలి. మౌఖిక పరీక్షకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. జెట్ నడిపిన అనుభవంతో రిటైరైన కెప్టెన్లు ఈ ఒక్క హైదరాబాద్‌లోనే ఎంతోమంది ఉన్నాం. డీజీసీఏ పిలిస్తే వచ్చే విడత పరీక్షల నుంచే కూర్చోవడానికి సిద్ధం.